ముందు చిటికెడు, తర్వాత మొత్తం

ఐదు గంటలకి ఆమె సంతకం పెట్టాలి. నేను మెట్లెక్కి మూడో అంతస్తు చేరేసరికి మూడూ నలభై.

లిఫ్టు చెడిపోయింది. ఆ సంగతి నా మోకాళ్ళు ప్రతి మెట్టు దగ్గరా గుర్తు చేశాయి. రెండో అంతస్తు మలుపులో ఎవరో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంచారు. ఒక్క నిమిషం కూర్చుని, ఆ వేసినవాళ్ళకి మనసులోనే దణ్ణం పెట్టుకుని లేచాను.

అది కిటికీలు లేని గది. ముందు షట్టరు సగం దించి ఉంది. లోపల పద్నాలుగు కుర్చీలు, ఒక తెల్లబోర్డు. వెనక గోడలో ఇనప తలుపు. ఒకప్పుడు ఇక్కడ తాకట్టు దుకాణం ఉండేది. తాకట్టు పెట్టిన నగలు ఆ తలుపు వెనక దాచేవారు. నిన్న మధ్యాహ్నం అందులో మనిషి దొరికాడు.

ఆయన ఈ గదిలో పాఠం చెప్పే మాస్టారు. క్రిప్టో, అంటే కంప్యూటర్లలోనే నడిచే డబ్బు, ఏమిటో తెలియని వాళ్ళకి, అందులో డబ్బు పెట్టే ముందు ఏమేం చేయకూడదో నేర్పేవాడు. ఇప్పుడు ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. తరగతి మొత్తం కలిసి ఆ డబ్బు పోగేసుకున్న ఉమ్మడి వాలెట్ ఖాళీ అయింది. దాన్ని తెరవాలంటే పన్నెండు రహస్యపు మాటలు వరసగా తెలియాలి. అవి తెలిసినవాళ్ళు ఇద్దరే: మాస్టారు, ఆయన అక్క.

డిటెక్టివ్ పని మానేసి ఇంట్లో కూర్చున్న నన్ను పిలిపించింది ఆ అక్కే. మొదటి వరసలో, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"అన్నయ్యగారూ, మిమ్మల్ని అనవసరంగా ఇన్ని మెట్లెక్కించాను. సంతకం పెట్టేద్దామనుకుంటున్నా."

"దేని మీదమ్మా?"

"ఆ డబ్బు నేనే తీశానని."

"తీశారా?"

"లేదండీ."

"మరి?"

"పెడితే క్లాసువాళ్ళు కేసు వదిలేస్తారట. నన్ను ఆసుపత్రికి వెళ్ళనిస్తారట. లేకపోతే ఐదింటికి స్టేషను. కింద హెడ్డు కానిస్టేబులుగారు కూర్చునే ఉన్నారు చూడండి." ఆమె గొంతు తడబడలేదు, చేతులు మాత్రం సంచి పట్టీని మెలిపెడుతున్నాయి. "వాడు కళ్ళు తెరిస్తే పక్కన ఎవరుంటారు చెప్పండి? మాకు ఇంకెవరూ లేరు."

"ఈ బేరం పెట్టిందెవరు?"

"కోటాయన."

తరగతి తరఫున పరిశోధన చేస్తున్న కుర్ర డిటెక్టివ్‌ని అందరూ అలాగే పిలుస్తున్నారు. ఈ ఉక్కపోతలో కూడా కోటు విప్పడట. నిన్న సాయంత్రం తనంతట తనే వచ్చి, ఫీజు అక్కర్లేదని చెప్పి, కేసు చేతిలోకి తీసుకున్నాడు.

"నిన్నటి సంగతి చెప్పండి. గడియారం చూస్తూ చెప్తున్నట్టు చెప్పండి," అన్నాను.

ఆమె మందుల షాపులో పనిచేస్తుంది. టైములు కచ్చితంగా చెప్పడం అలవాటున్న మనిషి. "పన్నెండుంపావుకి క్లాసు అయిపోయి అందరూ వెళ్ళిపోయారు. పన్నెండూ నలభైకి వాడు నాకు ఫోన్ చేశాడు. 'అక్కా, ఇవాళ రెండు క్యారేజీలు తీసుకురావే' అన్నాడు."

"రెండా? రెండోది ఎవరికి?"

"అడిగాను. 'పాపం సిగ్గరి మనిషే, మొదటిసారి వస్తున్నాడు' అన్నాడు. ఇంతలో షాపుకి ఎవరో వస్తే పెట్టేశాను. ఒంటిగంటకి రావలసినదాన్ని. మందుల లోడు దిగింది. ఒక్కదాన్నే సర్దుకున్నాను. సాక్షి ఎవరని అడుగుతున్నారు, అట్టపెట్టెల్ని తీసుకురానా?"

"ఇక్కడికి ఎన్నింటికొచ్చారు?"

"మూడూ పదికి. వాడు లేడు. కానీ ఇన్‌హేలర్ ఇనప తలుపు ముందు నేల మీద ఉంది. ఉబ్బసం మనిషి, అది జేబులో లేకుండా పక్కగదికి కూడా వెళ్ళడు.  గడియ తీస్తే..."

మిగతాది చెప్పించలేదు. "ఇన్‌హేలర్ ఎలా ఉంది? దొర్లి పడి ఉందా?"

ఆమె కళ్ళు మూసుకుని ఆలోచించింది. "లేదండీ. నిలబెట్టి ఉంది."

"తలుపుకి ఎంత దూరంలో?"

"జానెడు."

నేను లేచి ఇనప తలుపు చూశాను. గడియ బయటివైపు. లోపల దీపం స్విచ్చి కూడా బయటివైపే. తలుపు కింద మాత్రం రెండు వేళ్ళ సందు ఉంది.

"ఈ సందు?"

"నేనే కోయించాను. తలుపు నేలకి రాసుకుని కీచుమంటే పాఠం మధ్యలో అందరూ నవ్వేవాళ్ళు. వెల్డింగతన్ని ఒక వేలు కోయమంటే రెండు కోసేశాడు. బాగా తిట్టాను కూడా."

"డాక్టరు ఏమన్నారు?"

"ఆ సందులోంచి వచ్చిన గాలికే బతికాడన్నారు."

"అయితే అతను ఈసారి కనపడితే తిట్టకండి."

ఆమె నిన్నటినుంచి నవ్వి ఉండదు. ఇప్పుడు ఆమె పెదవి కదిలింది, అది నవ్వని కూడా చెప్పలేను. కానీ సంచి పట్టీని వదిలేసింది.

అప్పుడే షట్టరు కింద నుంచి వంగి కోటాయన లోపలికొచ్చాడు.

"ఓహో! పెద్దాయన వచ్చేశారా? మెట్లు ఎవరెక్కించారు, ఎత్తుకొచ్చారా?"

"మధ్యలో ఎవరో కుర్చీ వేశారు బాబూ. అలా అలా వచ్చేశాను."

"మీ కాలంలో వేలిముద్రలు, సిగరెట్ పీకలు. ఇది వేరే ప్రపంచం సార్. ఇందులో దొంగ గోడ దూకడు." చేతిలో ఉన్న కాగితాన్ని టేబుల్ మీద పడేశాడు. "ఇదిగో, ఆవిడ ఒప్పుకోలు. చదువుకోండి. అర్థం కాకపోతే చెప్తాను."

"నీ నోటితోనే చెప్పు, వింటాను."

"సింపుల్. తమ్ముణ్ణి లోపలికి నెట్టి గడియ పెట్టింది. రెండూ ఐదుకి వాలెట్‌లోంచి చిటికెడు పంపి చూసుకుంది. గ్లాసు మంచినీళ్ళు తాగేంత సేపు ఆగింది. రెండూ పదహారుకి మొత్తం ఊడ్చేసింది. మూడూ పదికి ఏడుపు మొదలెట్టింది."

"ఎటు పోయింది ఆ డబ్బు?"

"ఏ ఖాతాకి పోయిందో లోకమంతా చూడొచ్చు. ఆ ఖాతా ఎవరిదో ఎవరికీ తెలీదు. అదే ఇందులో మజా."

"నీకు మజాగా ఉందా?" అంది అక్క. 

అతను ఆమె వైపు చూడలేదు. "మాటలు తెలిసినవాళ్ళు ఇద్దరు. ఒకడు లోపల పడి ఉన్నాడు. రెండులోంచి ఒకటి తీసేస్తే ఎంత సార్? ఇంతకంటే ఏం కావాలి?"

"రెండో క్యారేజీ ఎవరికో కావాలి," అన్నాను.

అతను కోటు కాలరు సర్దుకున్నాడు. అంతలో అతని ఫోను మోగింది. విసుగ్గా నొక్కబోయి స్పీకరు నొక్కాడు. ఆడగొంతు, వయసు మీదపడిన గొంతు, గదంతా వినిపించింది: "పుట్టినరోజు పూట కూడా అన్నం తిన్నావో లేదో చెప్పవేంరా నాన్నా?"

చటుక్కున కట్ చేశాడు. చెవులు ఎర్రబడ్డాయి. తిన్నావా అని అడిగే తల్లి ఉన్నవాడు మరీ అంత చెడ్డవాడు కాలేడని, సిగ్గు లేకుండా చెప్తున్నాను, నాకు ఆ క్షణంలో అనిపించింది.

"తల్లికి మళ్ళీ ఫోన్ చెయ్యి బాబూ. ఇవన్నీ ఎక్కడికీ పోవు."

"మీరు నాకు బుద్ధులు చెప్పక్కర్లేదు. ఐదింటికి వస్తాను. అమ్మా, మీరు సంతకం చెయ్యండి చాలు, ఆసుపత్రికి నేనే నా కార్లో తీసుకెళ్తాను. ఐసీయూలోకి బంధువుతో పాటు ఇంకొకర్ని రానిస్తారుగా, మీ పక్కనే ఉంటాను."

ఎంత దయ! అక్క చేతులు జోడించింది. ఆసుపత్రికి ఫోన్ చేసుకోడానికి కిందికి వెళ్ళింది. ఆ గదిలో ఆవిడ ఫోనుకీ నా ఫోనుకీ సిగ్నల్ రాదు, వైఫై డబ్బాని పోలీసులు తీసుకుపోయారు. కోటాయన వరండాలోకి వెళ్ళిపోయాడు.

నాలుగూ ఐదుకి నేను టార్చి వేసుకుని ఇనపగదిలోకి వెళ్ళాను.

ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. ఖాళీ అరలు, పాత కుర్చీలు రెండు, మార్కర్ పెన్నుల అట్టపెట్టె. అన్నిటికంటే కింది అరలో ఒక చిత్తు కాగితాల పుస్తకం, ములుకు విరిగిన పెన్సిలు. పై కాగితం చింపి ఉంది. ఈ పుస్తకాన్ని పోలీసులు ఎందుకు చూడలేదో తర్వాత తెలిసింది: గది తను చూసేశానని కోటాయన వాళ్ళకి చెప్పాడట.

నా జేబులో ఎప్పుడూ ఒక పెన్సిలు ముక్క ఉంటుంది. మా ఆవిడ గళ్ళనుడికట్టు నింపుకునే పెన్సిలు. ఆవిడ పోయాక నా జేబులోకి వచ్చింది. దాన్ని అడ్డంగా పట్టుకుని రెండో కాగితం మీద మెల్లగా రుద్దాను. పై కాగితం మీద రాసినవాడి ఒత్తిడి తెల్లగా తేలింది.

ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు. ఒక్కో అంకె పక్కన ఒక్కో మాట. వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఏటవాలుగా జారి, చివరి రెండూ కాగితం అంచు దాటిపోయాయి. చీకట్లో రాసిన రాత. ఊపిరాడని మనిషి రాత.

మాటలు ఏమిటో నేను చదవలేదు. వాటికి ఇప్పుడు విలువ లేకపోవచ్చు. అయినా అవి ఎవరికీ చూపించకూడదని ఆయన నేర్పిన మాటలు.

"సార్, లోపల మీరేనా?"

ఉలిక్కిపడ్డాను. తలుపు దగ్గర జిడ్డు చేతులతో ఒకతను నిలబడి ఉన్నాడు.

"లిఫ్టు మెకానిక్‌నండీ. మాస్టారి స్టూడెంటుని కూడా. పొద్దుటినుంచి దాంతోనే కుస్తీ పడుతున్నా. ఆయన తిరిగొచ్చేసరికి ఇది నడవాలి కదా, మెట్లెక్కలేరు."

"మలుపులో కుర్చీ మీరేనా వేసింది?"

"అక్కగారు ఇవాళ ఎనిమిదిసార్లు ఎక్కి దిగారు సార్."

అతన్ని కూర్చోబెట్టి పుస్తకం చూపించాను. "ఆవిడకి ఈ మాటలు ముందే తెలుసు. తెలిసినావిడ తమ్ముణ్ణి చీకట్లో పెట్టి రాయించుకోవడం ఎందుకు?"

అతను కళ్ళు తుడుచుకుంటే చెంప మీద జిడ్డు అంటింది. "ఇన్‌హేలర్ ఎదురుగా పెట్టి రాయించాడా సార్, ఎవడో గానీ?"

"అలాగే అనుకుంటున్నాను. ఇక్కడ ఆయన ఏం నేర్పేవారో చెప్పండి. నాకు ఓనమాలు కూడా రావు."

అతను తెల్లబోర్డు వైపు చెయ్యి చూపించాడు. నిన్నటి పాఠం ఇంకా చెరపలేదు. పెద్ద అక్షరాలతో నాలుగు వరసలు:

పోయినా నిద్రపట్టేంతే పెట్టు.
పన్నెండు మాటలు ఎవరికీ ఇవ్వకు.
ముందు చిటికెడు, తర్వాత మొత్తం.
త్వరపెట్టేవాణ్ణి నమ్మకు.

"రోజూ ఇవే. కొత్త కాయిన్ ఏది కొనమంటారు, ఎప్పుడు పెరుగుతుంది అని మేం ప్రాణం తీసేవాళ్ళం. ఆయన నవ్వి ఇవే మళ్ళీ చదివించేవారు. నేను లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళని బయటికి తీస్తాను కదా, 'ఇందులో ఇరుక్కుంటే తీయడానికి నీలాంటివాడు ఉండడయ్యా' అనేవారు."

"ఈ చిటికెడు సంగతేమిటి?"

"ఒక్క అంకె తప్పు పడినా డబ్బు ఎవరికో పోతుంది, వెనక్కి రాదు సార్. అందుకని ముందు చిటికెడు పంపాలి. గ్లాసు మంచినీళ్ళు తాగేంత సేపు ఆగాలి. చేరిందని చూశాకే మిగతాది." 

గ్లాసు మంచినీళ్ళు. ఈ మాట ఇవాళ రెండోసారి వింటున్నాను. అయితే కోటాయన నిన్నటినుంచి విద్యార్థులతో తిరుగుతున్నాడు. వాళ్ళ నోట విని ఉండొచ్చు.

"నిన్న రెండూ ఐదుకి పంపిన చిటికెడు ఎంతో తెలుసా?"

"ఫోటో తీసి పెట్టుకున్నా సార్." ఫోను చూపించాడు. సున్నా, చుక్క, నాలుగు సున్నాలు, వాటి వెనక 1908. నా నోటుబుక్కులో రాసుకున్నాను.

"ఈ వంకర అంకె ఎందుకు? గుండుగా పంపొచ్చుగా?"

"అది ఇక్కడి అలవాటు సార్. లిస్టులో లక్ష పంపకాలు కనిపిస్తాయి. మనది మనకి ఠక్కున తెలియాలని, చివర్న పుట్టిన తేదీ, నెల పెట్టమనేవారు. అయిదొందలసార్లు చేయించారు. నాకైతే ఇప్పుడు కరెంటు బిల్లు కడుతున్నా వేళ్ళు అదే నొక్కబోతాయి."

 "అంటే ఇది..."

అప్పుడే కిందనుంచి ఎవరో కేకేశారు, లిఫ్టు తలుపులో దుప్పటి ఇరుక్కుందో ఏదో. "పది నిమిషాల్లో వస్తా సార్. ఇంకో వైరు కలిపితే పైకొచ్చేస్తుంది," అంటూ మెకానిక్ పరుగెత్తాడు.

టేబుల్ సొరుగులో హాజరుపట్టీ దొరికింది. మాస్టారు జనాన్ని పనిపేర్లతో రాసుకున్నాడు: లిఫ్టు, బేకరీ, కుట్టుమిషను, బస్సు డ్రైవరు... పద్నాలుగు పేర్లు, పక్కన పుట్టిన రోజులు. వేలు పెట్టి ఒక్కొక్కటీ చూశాను. పంతొమ్మిది, ఎనిమిది ఎవరిదీ కాదు.

పదిహేనో వరస ఉంది. "శ్రోత. ఆన్‌లైన్. కెమెరా తెరవడు, నోరు విప్పడు. పుట్టినరోజు చెప్పలేదు. పాపం, సిగ్గరి."

సిగ్గరి. రెండో క్యారేజీ అతనికే.

నాలుగూ ముప్పై అయిదు. ఇంకొక్కటి తేల్చుకోవాలి. లోపల ఉన్నవాడికి ఇన్‌హేలర్ నిజంగా కనిపిస్తుందా? మెకానిక్ మరిచిపోయిన గ్రీజు డబ్బాని తలుపుకి జానెడు దూరంలో నిలబెట్టాను. లోపలికి వెళ్ళి, తలుపు దగ్గరికి లాక్కుని, బోర్లా పడుకున్నాను. 

డబ్బా కనిపించింది. సందులోంచి చెయ్యి చాపాను. మణికట్టు దగ్గర ఇనుము పట్టేసింది. వేలి కొసకి రెండంగుళాల అవతల డబ్బా ఉంది. 

కొలిచి పెట్టారు. అందకుండా, కనిపించేలా.

 తర్వాత టార్చి వేసి, ఆ కొలత రాసుకుందామని నోటుబుక్కు తెరిచాను. ప్రతి ఉదయం పేజీ పైన తేదీ వేసుకోవడం నా అలవాటు. పైన 19-8. కింద, మెకానిక్ ఫోన్లోంచి నేనే రాసుకున్న అంకె, 1908.

ఇంట్లో వినేవాళ్ళు లేకపోయాక పైకి మాట్లాడుకోవడం అలవాటైంది నాకు. ఆ అలవాటు ఆ క్షణంలో నన్ను ముంచింది.

"ఇవాళ్టి తేదీ," అన్నాను గట్టిగానే. "పుట్టినరోజు పూట అన్నం తిన్నావా అని అడిగిందిగా వాడి తల్లి!"

సందులో వెలుతురు పోయింది. దాని స్థానంలో నల్లటి బూట్లు రెండు. గడియ పడింది.

"పెద్దాయనా," కోటాయన గొంతు తలుపు అవతల తాపీగా పలికింది. "నాకు విషెస్ చెప్పరా?"

 "నువ్వేనా శ్రోతవి?"

"కొత్తవాళ్ళ క్లాసులో కూర్చోడానికి నాకు నామోషీ. క్లయింట్ల ముందు పెద్ద నిపుణుణ్ణి మరి. ఈ విద్యంతా ఆయన దగ్గర నేర్చుకున్నదే. చివరి నాలుగంకెలు చూసుకోలేదు చూశారా... చేతికి అంతలా పట్టించాడు మహానుభావుడు."

"నీకు భోజనం తెప్పించాడయ్యా ఆయన."

అవతల బూటు నేలకి ఒకసారి రాసుకుంది. తర్వాత అన్నాడు: "మాటలు మొదటిసారి అడిగినప్పుడే ఇచ్చి ఉంటే తీసేవాణ్ణి తలుపు." 

"ఇచ్చాక కూడా తీయలేదుగా."

"నా మొహం చూశాడు కదా."

అప్పుడు అర్థమైంది ఆ దయ. సంతకం, కారు, ఐసీయూలో ఆమె పక్కన నిలబడటం. బంధువు తోడు లేకుండా అతను మాస్టారి మంచం దాకా వెళ్ళలేడు. ఐదింటికి ఆమె సంతకం పెడితే, ఆరింటికల్లా తనే అతన్ని తమ్ముడి పక్కకి చేరుస్తుంది. 

"అరవాలనుకుంటున్నారేమో," అన్నాడు. ఇనుము నేలకి తగిలి గణగణమంది. "షట్టరు లాగే కడ్డీ ఇది. మీరు అరిస్తే ఆవిడ తలుపు దగ్గరికి పరుగెత్తుకొస్తుంది. హెడ్డు మూడంతస్తులు ఎక్కేసరికి అయిపోతుంది. నోరు మూసుకుంటే, గది సీలు వేస్తారు. వారం తర్వాత ఎవరో తీస్తారు. మీ ఇష్టం."

మెట్ల మీద ఆడమనిషి చెప్పుల చప్పుడు. నాలుగూ యాభై.

గోడలు దగ్గరికి జరిగినట్టుంది. చెమట కళ్ళలోకి కారుతోంది. నిన్న ఆయన ఇక్కడే, ఈ నేల మీదే పడుకుని ఉన్నాడు, ఊపిరి కోసం. నాకు కనీసం ఊపిరి ఉంది. నేల చల్లగా కూడా ఉంది. దానికి చెంప ఆనించి సందులోంచి చూశాను.

"పెద్దాయన ఏరీ?" అక్క గొంతు.

"వెళ్ళిపోయారు. ఇది తన వల్ల కాదన్నారు. కూర్చోండమ్మా."

అక్క అలిసిన పాదాలు ఈడ్చుకుంటూ వచ్చాయి. రోజూ క్లాసులో ఆమె కూర్చునే చోటు ఇనప తలుపు పక్క కుర్చీ అట. నాకు అప్పటికి తెలియదు. కాళ్ళు సరిగ్గా నా ముఖానికి జానెడు దూరంలో ఆగాయి. ఎడమ మడమకి ప్లాస్టర్ అంటించి ఉంది. ఎనిమిదిసార్లు ఎక్కి దిగిన మెట్లు.

"ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ. మూడు సంతకాలు," బూట్లు టేబుల్ దగ్గరికి వెళ్ళాయి. "తొందరగా కానివ్వండి. ఆసుపత్రిలో టైము అయిపోతుంది."

నోటుబుక్కులోంచి కాగితం చింపాను, ఒక్కో పోగూ తెగుతున్నంత మెల్లగా. టార్చి వెలుగు బయటికి పొక్కుతుంది. చీకట్లోనే రాశాను: "తీసింది ఇతనే. నేను లోపల ఉన్నా. ఆసుపత్రికి తీసుకెళ్ళొద్దు. కిందికి పో." వరసలు ఏటవాలుగా జారిపోతున్నాయని రాస్తూంటేనే తెలిసింది.

కానీ కాగితం ఒక్కటే. ఉలిక్కిపడి ఆమె ఒక్క అరుపు అరిస్తే చాలు. కాలు తెలియక పక్కకి తన్నితే చాలు. అది అతని బూటు కిందికి పోతుంది, వెనక్కి రాదు. 

బోర్డు మీది మూడో వరస గుర్తొచ్చింది.

జేబులోంచి మా ఆవిడ పెన్సిలు ముక్క తీశాను. సందులోంచి మెల్లగా జరిపి, మొద్దు కొసతో ఆమె చిటికెన వేలిని తాకాను. 

పాదం వెనక్కి లాక్కుంది.  

పైన ఏ శబ్దమూ లేదు. కలం కాగితం మీద ఆగినట్టుంది. తర్వాత ఆ పాదం మెల్లగా, ఎలా వెళ్ళిందో అలాగే తిరిగి వచ్చింది. పెన్సిలు మీద ఆనింది. ఒకసారి నొక్కింది.

కాగితం పంపాను. పాదం దాన్ని కూడా కప్పేసింది.

"ఏమైందమ్మా?"

"కలం పడిందండీ." చెయ్యి కిందికి వచ్చింది. కాగితం పోయింది. ఎంతసేపో తెలియదు, నా చేతిగడియారం ముల్లు మాత్రం చెవి పక్కనే సుత్తితో కొట్టినట్టు వినపడుతోంది.

"మిగతా రెండూ పెట్టేస్తానండీ," అంది అక్క. మందుల చీటీ చదివినంత మామూలుగా అంది. "కాస్త ఆగండి. ఒక్క గ్లాసు మంచినీళ్ళు తాగి వస్తాను."

చేరింది.

"నీళ్ళు నా దగ్గర ఉన్నాయి."

"మీరు ఎంగిలి చేసిన సీసా నాకెందుకు బాబూ? కింద కూలరుంది. ఏ పెద్ద పనైనా చేసే ముందు తాగమని మా తమ్ముడు చెప్పేవాడు. మీకు తెలీదులెండి, మీరు మా క్లాసుకి రాలేదుగా."

ఆమె పాదాలు కదిలాయి. తొందర లేదు. షట్టరు దాటాయి. మొదటి మెట్టు, రెండో మెట్టు. మలుపు దాకా నడకే వినిపించింది. మలుపు తిరిగాక అది నడక కాదు.

అతనికీ వినిపించింది. బూట్లు షట్టరు దాకా పరుగెత్తి ఆగిపోయాయి. వెనక్కి తిరిగాయి. కుర్చీ దగ్గరికొచ్చాయి. అక్కడ నేల మీద, ఆమె పాదం వదిలేసిన చోట, పెన్సిలు ముక్క పడి ఉంది. 

అతను వంగి దాన్ని తీశాడు. 

"పెద్దాయనా," అన్నాడు. ఇందాకటి తాపీతనం లేదు గొంతులో. "ఆవిడకి ఏం పంపారు?"

నేను లేచి నిలబడి, చీకట్లో తడుముకుని, పాత కుర్చీని కాళ్ళు ముందుకి వచ్చేలా రెండు చేతులా పట్టుకున్నాను. ఇనప కడ్డీ నేల మీద ఈడ్చుకుంటూ తలుపు దగ్గరికొచ్చింది. అదే సమయంలో గోడ వెనక ఎక్కడో ఒక మోటారు దగ్గింది, ఆగింది, మళ్ళీ దగ్గింది. పొద్దుటినుంచి చచ్చిపడి ఉన్న లిఫ్టు మూలుగుతూ పైకి కదిలింది. హెడ్డు ఇక మెట్లెక్కక్కర్లేదు.

ఒకటో అంతస్తు. రెండో అంతస్తు.

తలుపు మీద గడియ కూడా కదలడం మొదలైంది.